రెండు పలికిన డాలు

రాజ్యం పోయి, పేరు పోయి, ఆఖరికి మీసం కూడా పోయి, శోణపుర యువరాజు అరిందముడు కాటుకలోయలో గుండకమ్మరిగా బతకడం మొదలుపెట్టి అప్పటికి పదమూడు నెలలు. అక్కడ అతని పేరు గంగులు. ఎన్నడో ఉప్పుతీరానికి వలసపోయిన సింగరయ్య కొడుకునని చెప్పుకుని లోయలో అడుగుపెట్టాడు. ఆ సింగరయ్య పుణ్యాత్ముడు. తన పేరు వాడుకొమ్మని ఇచ్చి, తమ తెగ కట్టుబాట్లన్నీ నేర్పి మరీ పంపాడు.

ఊరికే ఏ యువరాజూ ఒంటికి మసి పూసుకోడు. మాంత్రికుడు భస్మకేశుడు శోణపురం రాజు చండవిక్రముణ్ణి ఎత్తుకుపోయి, గద్దరాయి అనే కొండ కొమ్మున ఇనుప పంజరంలో వేలాడగట్టాడు. తన దండం కక్కే నీలిమంటకు ఏడుసార్లు ఎదురు నిలబడ్డవాళ్లకు రాజును అప్పగిస్తానన్నాడు. నిలబడేది రాజు కడుపున పుట్టినవాళ్లే కావాలి. గడువు ఆషాఢ అమావాస్యనాటి సూర్యాస్తమయం. ఎంత ధర్మాత్ముడో చూడండి! ఆ ధర్మంలో ఒక మెలిక కూడా పెట్టాడు. యువరాజు పుట్టువెంట్రుకలు ఎలాగో సంపాదించి, మంత్రించి దాచుకున్నాడు. అరిందముడు గద్దరాయి మీద కాలు మోపితే మోపిన చోటే పిడికెడు బూడిద మిగులుతుంది. ఇక రాజు సంతానంలో మిగిలింది చెల్లెలు మదయంతి ఒక్కతే. పందొమ్మిదేళ్ల పిల్ల. నేను వెళతానంది. ఆ పిల్ల ఒకసారి అన్నదంటే అన్నట్టే.

అన్న చేయగలిగిందల్లా చెల్లెలి చేతికి ఒక డాలు ఇవ్వడం.

ఇనుప డాలు నీలిమంట దెబ్బకు నిలుస్తుంది గానీ, క్షణంలో ఎర్రగా కాలి పట్టుకున్న చేతిని మాడ్చేస్తుంది. రాగి డాలు వేడిని నలుమూలలకూ పంచేస్తుంది గానీ, దెబ్బకు సొట్టలు పడి కారిపోతుంది. ముందు ఇనుమూ వెనుక రాగీ ఉన్న డాలు కావాలి. రెండు రేకులు తెచ్చి మేకులు కొడితే సరిపోదా అని శోణపురం కంసాలులు కొట్టి చూశారు కూడా. మంట తగలగానే దేనిదారి దానిదైంది. రెంటినీ ఒకే ముద్దగా చేయగలవాళ్లు భూమండలం మీద కాటుకలోయ గుండకమ్మరులు మాత్రమే, పరాయివాణ్ణి కొలిమి తాకనివ్వరు. వాళ్లు లోహాన్ని కరిగించరు. పిండి చేస్తారు, దాన్నే గుండ అంటారు. పిండిని పొరలుగా పరిచి, అదిమి, కరగడానికి ఇంకా ఆమడ దూరం ఉందనగా వేడిని ఆపుతారు. చెమ్మ తగిలిన ఉప్పుకల్లు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకట్టినట్లు, రేణువు పక్కన రేణువు పట్టుకుంటుంది. అంతే కిటుకు. కిటుకు చెప్పడం తేలికే, చేయడానికే ఏడాది పట్టింది యువరాజుకు.

పొద్దుపొడుపు వేళ ఆ లోయను చూడాలి. మూడువైపులా నల్లరాతి కొండలు, వాటి నడుమ నల్లటి ఇళ్లు, నల్లటి దారులు, మసిబారిన రెల్లుకప్పులు. ఇదేం ఊరురా భగవంతుడా అనుకునేలోగా తూర్పు కనుమలోంచి మొదటి కిరణం దూరుతుంది. గాలిలో తేలే రాగిపొడి ఒక్కసారిగా అంటుకున్నట్లు మెరుస్తుంది. చూరుల మీద, మేకల వీపుల మీద, రోకళ్లతో దంచే ఆడవాళ్ల ముంగురుల మీద, పసిపిల్లల కనురెప్పల మీద ఎర్రబంగారం రాలుతుంది. ఇంద్రసభలో కూడా అంత సింగారం ఉండదేమో. మరో ఘడియకు ఎండ ముదురుతుంది, మళ్లీ అంతా మసి.

అరిందముడు పరిచింది మంటకో పొర చొప్పున ఏడు పొరల డాలు. లోయలో అంతవరకూ మూడు పొరలకు మించి ఎవరూ పరచలేదు. మొదటిది ఉత్త ఇనుప గుండ, ఏడోది ఉత్త రాగి గుండ. నడుమ అయిదు పొరల్లో ఇనుము కొంచెం కొంచెం తగ్గుతూ రాగి కొంచెం కొంచెం పెరుగుతూ వచ్చింది. ఇనుము అత్త, రాగి కోడలు, కొలిమి వేడికి ఎవరికి వారే ముడుచుకుంటారు, మధ్యన నచ్చజెప్పే బంధువులు లేకపోతే కాపురం నిలవదని తెగపెద్ద ఓబుళమ్మ అతనికి మొదటిరోజే చెప్పింది. డెబ్బయ్యేళ్ల ఆ ముసలమ్మకు తెలియని గుండ లేదు. ఊపిరి తగిలితే గుండ చెదురుతుందని మూతికి గుడ్డ కట్టుకుని, ఒక్కో పొరనూ తుమ్మజిగురు నీళ్లతో తడిపి, నెమలీకతో సర్ది, చింతకర్ర దిమ్మెతో అదిమి, రెండు పగళ్లు కష్టపడి పరిచాడు. మట్టి అచ్చులో పెట్టి, చుట్టూ బొగ్గుపొడి కూరి, ఒక్క మట్టి గొట్టం మాత్రం పైకి వదిలి కొలిమి మూసేశాడు.

ఆ గొట్టంలోనే ఉంది ప్రాణమంతా. సన్నసెగ మీద జిగురు పొగై ఆ గొట్టం గుండా బయటికి పోవాలి. పొగ ఆగాక గొట్టం మూసి, తిత్తులు ఊది, పెద్దమంట చేయాలి. జిగురు లోపల ఉండగానే పెద్దమంట చేస్తే, పోవడానికి దారిలేక అది పొరల మధ్యే ఉబ్బి డాలును రెండుగా చీలుస్తుంది. మూడు పొరల పలకకు రెండోనాడు పొద్దెక్కేసరికి పొగ ఆగుతుంది. లోయలో పాకే పసివాడికి కూడా ఆ సంగతి తెలుసు. అరిందముడికి తెలిసింది ఇంకొకటుంది. అరచేతంత ఏడు పొరల బిళ్లలు మూడు చేసి చూసుకున్నాడతను. ఏడు పొరలకు పొగ రెండుసార్లు వస్తుంది. ఒకసారి వచ్చి ఆగిపోతుంది. అయిపోయిందనుకున్న రెండు జాములకు, నడిమి పొరల్లో చిక్కిన జిగురు కదిలి మళ్లీ వస్తుంది. మొదటి రెండు బిళ్లలు అది తెలియకే చీలాయి.

మరి తోటివాళ్లకు చెప్పలేదేం అంటారా? నిప్పు లెక్క పైకి చెబితే పలక పగులుతుందని ఆ తెగ నమ్మకం. కొలిమి చల్లారేదాకా పొరలు పరిచినవాడు లెక్కను మనసులోనే పెట్టుకుని, పక్కనే కూర్చుని, తానే నిప్పు చూసుకోవాలి. కూర్చుంటాను కదా, ఎక్కడికి పోతాను అనుకున్నాడు అరిందముడు. మనిషి ఒకటి తలిస్తే దైవం ఒకటి తలుస్తుంది.

రెండోనాడు పొద్దున, గొట్టంలోంచి పసుపు పొగ సన్నగా వస్తుండగా, తలకు పెద్ద పాగా చుట్టుకున్న బక్కపలచని మనిషి ఒకడు వాగు దాటి వచ్చాడు. సింగరయ్య కొడుకు ఎవరని అడిగాడు. కొలిమి దగ్గరున్నవాళ్లు గంగులును చూపించారు. ఆ మనిషి పాగా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఉప్పుతీరంలో సింగరయ్య నాలుగు రోజుల కిందట పాము కరిచి పోయాడని చెప్పాడు. చెప్పాల్సింది చెప్పి, మంచినీళ్లయినా ముట్టకుండా తిరిగి నడిచాడు.

కబురు విన్న క్షణంలోనే బొల్లయ్య గబుక్కున లేచి అరిందముడి చేతిలోంచి పట్టకారు తీసేసుకున్నాడు. బొల్లయ్య లోయలోకెల్లా మంచి పనివాడు, అంతకన్నా మంచి మనిషి. కళ్లనీళ్లు పెట్టుకుంటూనే తీసుకున్నాడు. తండ్రి పోయినవాడికి పదిరోజుల మైల. మైలపడ్డవాడు కొలిమిని తాకకూడదు, చూడకూడదు, వాడి నోటిమాట నిప్పు చెవిని పడకూడదు. నలుగురు మనుషులు పిల్లవాణ్ణి పట్టుకున్నంత మెత్తగా పట్టుకుని అతన్ని వాగు అవతల మైలపాకకు నడిపించారు.

మైలపాకకు కొలిమి ముప్పై బారల దూరం కూడా లేదు. అన్నీ కనబడుతున్నాయి. గొట్టం, పొగ, బొల్లయ్య వంచిన నడుము, తిత్తుల దగ్గర సిద్ధంగా కూర్చున్న ఇద్దరు. కనబడి ఏం లాభం? గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్లు, వాగు ఒడ్డున తడి ఇసుక కూడా కనబడింది. చావుకబురు తెచ్చినవాడు ఇప్పుడే ఆ ఇసుకలోంచి నడిచిపోయాడు. అతని అడుగుజాడ ఒక్కటీ లేదు. అరిందముడికి అంతా తెలిసిపోయింది. వచ్చినవాడు భస్మకేశుడు. పాగా కింద ఉన్నది బూడిదరంగు జుట్టు. కత్తి తేలేదు, మంత్రం వేయలేదు, నీ అసలు పేరు ఇదని బయటపెట్టనూ లేదు. ఆ తెగ కట్టుబాటు తెలుసుకుని ఒక చావుకబురు తెచ్చాడు, అంతే.

అరిందముడు గొంతెత్తి అరిచాడు. పొగ ఆగినా గొట్టం మూయొద్దని, రెండు జాములు ఆగమని అరిచాడు. మొదటి మాట బయటికి రాగానే బొల్లయ్య చెయ్యి ఊపాడు, నాలుగు డప్పులు మోగాయి. మైలవాడి మాట నిప్పుకు వినబడకుండా డప్పు కొట్టడం ఆ తెగలో మర్యాద. అతను ఎంత గట్టిగా అరిస్తే వాళ్లు అంత గట్టిగా కొట్టారు. పాపం, తండ్రి మీద ఎంత ప్రేమో అని ఆడవాళ్లు కొంగుతో కళ్లొత్తుకున్నారు. చేతులతో సైగ చేస్తే అందరూ మొహాలు తిప్పుకున్నారు. ఆగలేక వాగులో దూకి రెండడుగులు వేశాడు. ఆ నలుగురూ మళ్లీ వచ్చి, భుజం మీద చెయ్యేసి, వాళ్లూ నాలుగు కన్నీళ్లు కార్చి, వెనక్కి తెచ్చి కూర్చోబెట్టారు. శత్రువులైతే కొట్టి పోయేవాడు. అంత ప్రేమగా పట్టుకున్నవాళ్లను ఏం చేయాలో ఏ యుద్ధవిద్యలోనూ లేదు.

పొద్దెక్కేవేళకు ఓబుళమ్మ అంబలి తెచ్చింది. మైలవాడికి తెగపెద్దే స్వయంగా తేవాలి. అరిందముడు మాట్లాడబోతే చెవులు మూసుకుంది. అతను ఇసుక మీద గొట్టం గీశాడు, దాని మీద పొగ గీశాడు, పక్కనే ఇంకోసారి గీశాడు. ముసలమ్మ చూడకుండానే కాలితో చెరిపేసింది. నిప్పు సంగతి ఇప్పుడు నీకెందుకురా, కరువుతీరా ఏడవకుండా ఈ తిక్కచేష్టలేమిటని కోప్పడింది. నాన్న పోతే కళ్లు తడికాని కొడుకును ఎక్కడా చూడలేదంది.

అప్పుడతనికి నిజం చెప్పేయాలనిపించింది. సింగరయ్య నా తండ్రి కాడు, నాకు మైల లేదు అంటే చాలు. లేచి వెళ్లి గొట్టం పక్కన కూర్చోవచ్చు. నోరు తెరిచాడు కూడా. మరుక్షణం రెండో కట్టుబాటు గుర్తొచ్చింది. పరాయివాడి చెయ్యి పడ్డ కొలిమి ఒక్క ఘడియ కూడా నిలవకూడదు. లోపల ఏం ఉన్నా సరే, వేడిమీదే పగలగొట్టాలి. ఓబుళమ్మ మొగుడు బతికుండగా, తెలియక ఒక బాటసారి చలి కాచుకోవడానికి కొలిమిలో పుల్ల వేసినందుకు, తాతలనాటి కొలిమిని తన చేత్తో తానే కూలగొట్టాడట. చెప్పకపోతే డాలు చీలుతుంది. చెబితే డాలే ఉండదు. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో రాజకుమారుడికి ఆ పూట బాగా తెలిసింది. తెరిచిన నోరు మూసుకుని అంబలి తాగాడు.

ఇంకో రెండు ఘడియలకు గొట్టంలోంచి పొగ ఆగింది.

బొల్లయ్య గొట్టం దగ్గర ముక్కు పెట్టి వాసన చూశాడు. అరచేయి అడ్డం పెట్టి చూశాడు. నూరు పలకలు కాల్చిన చెయ్యి అది, ఎక్కడా తొందరపడలేదు. అన్నీ సరిచూసుకుని, తడిమట్టి ముద్దతో గొట్టం మూతి మూసేశాడు. తిత్తులు పలికాయి. పోయినవాడి పేరు తలుచుకుని, సింగరయ్యకు దారి చల్లగా ఉండాలని ఒక గంప బొగ్గు ఎక్కువ కూడా పోశాడు. అరిందముడు మైలపాక గుంజను రెండు చేతులా పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. ఈసారి అరవలేదు. మధ్యాహ్నం దాటాక, పెద్దమంట హోరులో కొలిమి లోపల ఎవరో ముసలివాడు దగ్గినట్లు చిన్న చప్పుడైంది. తిత్తులవాళ్లు తలెత్తలేదు. అరిందముడు గుంజ దగ్గరే కూలబడ్డాడు. ఇప్పుడు ఏడిచాడు. వాగు అవతల ఓబుళమ్మ అది చూసి, హమ్మయ్య, గుండె బరువు దిగింది పిల్లాడికి అని ఊరటపడింది.

మూడోనాడు ఆషాఢ అమావాస్య. పొద్దు వాలుతుండగా మదయంతి నల్ల గుర్రం మీద లోయలోకి దిగింది. వెంట ఎవరినీ తేలేదు. డాలు కోసం శోణపురం నుంచి వస్తుందని లోయవాళ్లకు ముందే కబురుంది. జుట్టు బిగించి ముడివేసి, తోలు కవచం తొడుక్కుని వచ్చింది. మైలపాక వైపు ఒక్కసారి చూసి, తెలియనట్లే తల తిప్పుకుంది. అన్న ఆ లోయలో ఉన్నాడని ఆమెకు తెలుసు. తెలిసినట్లు కనబడకూడదన్నది ఇద్దరూ చేసుకున్న ఒప్పందం.

కొలిమి విప్పారు. అచ్చు పగలగొట్టారు. డాలును నీళ్లతో కడిగి పైకెత్తగానే జనమంతా ఆహా అన్నారు. అనరూ మరి? ముఖం మీద ఉరుముమబ్బు నలుపు. వెనుక కుంకుమ కలిపిన తేనె ఎరుపు. అంచును ఎండకు పట్టి చూస్తే నలుపులోంచి ఎరుపులోకి ఏడు మెట్లు, ఏ మెట్టు ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపలేనంత నున్నగా కలిశాయి. లోయ పుట్టాక అటువంటి వస్తువు పుట్టలేదు. బొల్లయ్య దాన్ని చంటిబిడ్డను పట్టుకున్నట్లు పట్టుకున్నాడు.

ఇచ్చేముందు పలికించి చూడటం ఆనవాయితీ. డప్పులు ఆపించి, ఓబుళమ్మ చింతపుల్లతో డాలు నడిమధ్య ఒక్క దెబ్బ కొట్టింది. ఒక్క పలుకు పలికితే పొరలన్నీ కలిసినట్లు. ఖంగుమని పెద్దగా, తియ్యగా పలికింది. వెనకాలే, దాని తోకలా, మరో చిన్న పలుకు. టక్. నలభయ్యేళ్లు రోకళ్ల పోట్లూ తిత్తుల హోరూ విన్న చెవులకు ఆ చిన్నది ఎలా వినబడుతుంది? పెద్దవాళ్లందరూ పెద్ద పలుకు విని తలలూపారు. ఆడవాళ్లు హారతి వెలిగించారు.

వాగు అవతల విన్నవాడు విన్నాడు. నాలుగో పొరకూ అయిదో పొరకూ మధ్యన అని కూడా పోల్చుకున్నాడు. రెండు బిళ్లలు చీల్చి నేర్చుకున్న చెవి అది.

అరిందముడు వాగు దాటాడు. నలుగురూ పట్టుకోబోతే ఈసారి విదిలించి పారేశాడు. డప్పులవాళ్లు పుల్లలెత్తేలోగా ఓబుళమ్మ ముందు నిలబడి, ఆమె చెవి దగ్గర గట్టిగా చెప్పాడు.

"అవ్వా, సింగరయ్య నా తండ్రి కాడు. నేను మీవాణ్ణి కాను. శోణపురం రాజు కొడుకును. నాకు మైల లేదు. ఆ డాలు లోపల చీలింది, ఆ పిల్లకు ఇవ్వకు."

డప్పు పుల్లలు ఎత్తినవి ఎత్తినట్టే ఉండిపోయాయి. మదయంతి మాత్రం బొల్లయ్య చేతుల్లోంచి డాలు తీసుకుని, ఎడమచేతికి పట్టీలు బిగించుకుంటోంది.

"రెండు పలికింది. నేనూ విన్నాను అన్నా," అంది.

"విని కూడా కట్టుకుంటున్నావా?"

"పొద్దు చూడు," అంది చెల్లెలు. "ఇంకో డాలు ఏదైనా ఉంటే ఇవ్వు, ఇది దింపేస్తాను."

పొద్దు పడమటి కొండకు మూడు బారల ఎత్తున ఉంది. ఇంకో డాలు లేదు. మదయంతి వంగి అతని పాదాలు తాకింది. మసి అంటిన వేళ్లతో నుదుటిమీద తుడుచుకుని, గుర్రమెక్కి వెళ్లిపోయింది.

మాట బయటపడింది, ఇక కట్టుబాటు జరగాలి. సమ్మెట ముందుగా ఎత్తింది బొల్లయ్యే. నువ్వు అరుస్తుంటే నేనే కదయ్యా డప్పు కొట్టించాను, అన్నాడు. ఆ మాట అంటూనే కొలిమి మీద మొదటి దెబ్బ వేశాడు. ఓబుళమ్మ మొగుడు కొత్తగా రాజేసిన నాటి నుంచీ ఆరకుండా వచ్చిన నిప్పు నేలమీద చెల్లాచెదురై, నలుగురూ చూస్తుండగా నల్లబడింది. కొత్త కొలిమి కట్టి, దాని గోడలు కాలి, నిప్పు నిలదొక్కుకోవడానికి రెండేళ్లు పడుతుంది. రెండేళ్లూ ఆ లోయ ఏం తింటుందో ఎవరికీ తెలియదు. ఆడవాళ్లు హారతి పళ్లెం ఎక్కడ పెట్టాలో తోచక చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డారు.

ఓబుళమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది.

"ఇది నిన్న చెప్పొచ్చు కదరా," అంది.

"నిన్న చెబితే డాలే మిగిలేది కాదు అవ్వా."

"ఇయ్యాల మిగిలి ఏం ఒరిగింది? ఆ పిల్లకు నువ్వు చెప్పకముందే తెలుసంట. మా నిప్పు ఊరికే పోయింది."

అతను ఆమె కాళ్లమీద పడబోయాడు. ముసలమ్మ వెనక్కి జరిగింది. పరాయివాడు తాకకూడదు కదా. వెళ్లమని మాత్రం చేత్తో దారి చూపింది. అరిందముడు పడమటి దారి పట్టి పరుగెత్తాడు.

ముళ్లు, బండలు, జారుడు మట్టి. ఒకచోట కొండచిలువ అడ్డంగా పడుకుంటే దాని మీదుగా గెంతాడు. ఒకచోట భస్మకేశుడి కాకులు గుంపుగా మీదపడి తల పొడిచాయి. కళ్లకు మోచెయ్యి అడ్డం పెట్టుకుని, రక్తం కారుతుండగానే పరుగెత్తాడు. ఎందుకు పరుగెత్తుతున్నాడో అడిగితే చెప్పలేడు. అవతల కాలు పెట్టలేడు, పెడితే బూడిద. అయినా కాళ్లు ఆగలేదు. చెల్లెలు అటువైపు పోయింది, అంతే.

లోయ చివర పాతాళం దాకా చీలినట్లున్న అగడ్త. దాని మీద తీగల వంతెన. అవతల గద్దరాయి, గోధుమరంగు కొండ, ఒక్క గడ్డిపోచ లేదు. కొమ్ముకు వేలాడే పంజరంలో తండ్రి చండవిక్రముడు ఊచలు పట్టుకుని కూర్చున్నాడు. మనిషి సగమైపోయాడు. కింద బల్లపరుపు రాతిమీద మదయంతి డాలు ఎదురుపెట్టి నిలబడి ఉంది. వంతెన మొదట్లో నిలబడ్డ అన్నకు ఆమె పక్కనుంచి కనబడుతోంది. ఆమెకు ఎదురుగా బూడిదజుట్టు గాలికి ఎగురుతూ భస్మకేశుడు. అప్పటికే దండం ఎత్తాడు.

మొదటి నీలిమంట వచ్చింది. కొండంతా నీలిరంగు అలుముకుంది. మంట ఆగేసరికి డాలు ముఖం మీది మొదటి పొర ఉల్లిపాయ పొట్టులా లేచి, రాలి, రాతిమీద పడి పొగలు కక్కింది. మదయంతి అంగుళం కదలలేదు. వెనుక రాగి వేడినంతా పంచేస్తోంది. డాలు పనిచేస్తోంది! అరిందముడు గుండెలమీద చేతులు పెట్టుకున్నాడు. చీలికదాకా ఇంకా మూడు పొరలున్నాయి. తానే పొరపాటు పడి ఉండకూడదా, ఆ చిన్న పలుకు డాలుది కాక చింతపుల్లది అయి ఉండకూడదా అని ఊరిలో ఉన్న దేవుళ్లకూ లేని దేవుళ్లకూ మొక్కుకున్నాడు.

రెండో మంట వచ్చింది. రెండో పొర పోయింది. మదయంతి ఒక మోకాలు వంచి నిలదొక్కుకుంది. మోచేతిదాకా చెయ్యి ఎర్రబడింది. ఆ చేతికి బరువు తెలిసే స్థితి దాటిపోయిందని అంత దూరం నుంచే అర్థమవుతోంది. పంజరంలోంచి రాజు వద్దు తల్లీ, పొమ్మని అరుస్తున్నాడు. ఆమె తల ఎత్తలేదు.

మూడో మంట వచ్చింది. మూడో పొర లేచింది. దానితోపాటే, అయిదోదానికి అంటుకోని నాలుగో పొర కూడా పళ్లెం మీది పళ్లెంలా జారి, రెండూ కలిసి కింద పడి ముక్కలయ్యాయి.

ఏడింట్లో మూడు మిగిలాయి. ఇంకా నాలుగు మంటలు రావాలి. లెక్క అంత స్పష్టంగా ఉంది. భస్మకేశుడు కూడా లెక్క చూసుకున్నట్లున్నాడు, తొందర లేకుండా దండాన్ని బట్టతో తుడుచుకుంటున్నాడు. డాలు అంచు మీదుగా చూస్తున్న మదయంతికి మాత్రం దాని ముఖం కనబడదు. ఎన్ని రాలాయో, ఎన్ని ఉన్నాయో తెలియదు. చూపు మాంత్రికుడి మీది నుంచి తిప్పకుండానే, అగడ్త అవతల అన్న వచ్చి నిలబడి ఉంటాడని తెలిసినదానిలా గొంతెత్తి అడిగింది.

"అన్నా, ఎన్ని మిగిలాయి?"

అరిందముడు వంతెన తీగలు పట్టుకున్నాడు. చిన్నప్పటి నుంచీ ఆమెకు ఒక్క అబద్ధమూ చెప్పి ఎరుగడు. నిజం తెలిస్తే ఆమె మోకాలు నేల తాకుతుంది. ఎదురు నిలబడనివాళ్లకు రాజునివ్వనని మాంత్రికుడు ముందే చెప్పాడు.

"నాలుగమ్మా," అని అరిచాడు. "లెక్కకు సరిగ్గా నాలుగు."

మదయంతి వంగిన మోకాలు నిటారుగా లేపింది. డాలును ఇంకాస్త పైకెత్తింది.

భస్మకేశుడు నవ్వి, నాలుగోసారి దండం ఎత్తాడు.